గాలిలో గట్టు

ఆదివారం పొద్దున రాంబాబు ముఖం చూడగానే నాకు జవాబు తెలిసిపోయింది. అయినా అడిగాను.

“ఒక్క పూట చాలండీ. ఒంటిగంట నుంచి అయిదింటిదాకా గుట్ట మీద మన ఇంటర్నెట్ రేడియోని ఎనభై మెగాహెర్ట్జ్ నుంచి నలభైకి తగ్గిద్దాం. ఆ అమ్మాయి పరీక్ష అయిపోగానే మళ్ళీ పెంచేసుకుందాం.”

“పెంచుకునేదాకా అది మనకోసం బీడు పడి ఉంటదా పంతులు గారూ? మనం ఇటు తిరగ్గానే మా బావమరిది అటు దున్నేస్తాడు.”

“గాల్లో దున్నడం ఉండదండీ. సతీష్‌బాబు గారు అందులోకి వచ్చినా, రేపు మనం మన నంబరు మళ్ళీ కొట్టుకుంటే సరిపోతుంది.”

“మీకు తెలీదు. వాడు నేలైనా గాలైనా ఒకటే రకంగా తింటాడు.”

జగ్గయ్యపేట పాత బస్టాండు దగ్గర రాంబాబుది మూడంతస్తుల ఇల్లు. కింద ఎరువుల కొట్టు, మధ్యలో ఆయన ఇంటర్నెట్ ఆఫీసు, పైన కాపురం. నేను టెలిఫోన్ శాఖ మైక్రోవేవ్ స్టేషన్లలో ముప్ఫయ్యేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. నా భార్య వసుమతి పోయాక ఇంట్లో ఒక్కడినీ ఉండలేక ఆయన దగ్గర చేరాను. నా పని రేడియోలు చూసుకోవడం.

ఊరి మధ్య ఇళ్ళకు రాంబాబు తీగ మీదే ఇంటర్నెట్ ఇస్తాడు. క్వారీల వైపు కాలనీలకు అది కుదరలేదు. స్తంభాలకు కట్టిన తీగను సున్నపురాయి లారీలు నెలకు రెండుసార్లు తెంపేవి. భూమిలో వేద్దామంటే మూరెడు లోతు కూడా దిగనివ్వని రాయి. అందుకని గుట్ట మీద ఒక టవర్ నిలబెట్టి, దాని మీద రేడియో పెట్టి, ఒక్కో డాబా మీద అన్నం పళ్ళెమంత యాంటెన్నా బిగించాము. ఆ యాంటెన్నా గుట్ట వైపు చూస్తూ ఉంటుంది. గుట్ట నుంచి ఇంటికి, ఇంటి నుంచి గుట్టకు అంతా గాల్లోనే. అలా నాలుగు వందల పన్నెండు ఇళ్ళు.

ఆ గాలికి కూడా హద్దులుంటాయి. పెద్ద ఫోన్ కంపెనీలు స్పెక్ట్రంలో తమ ముక్కను వేలంలో కొనుక్కుంటాయి. అందులోకి ఇంకొకరు రాకూడదు. మాలాంటి చిన్నవాళ్ళు వాడే ముక్కకు లైసెన్సు అక్కర్లేదు. రేడియో బలం ప్రభుత్వం చెప్పిన పరిమితి దాటకుండా ఎవరైనా వాడుకోవచ్చు, ఊరుమ్మడి మేతబీడులాగా. ఎవరైనా వాడుకోవచ్చు కాబట్టే రెండేళ్ళ కిందట సతీష్‌బాబు నందిగామ నుంచి వచ్చి అదే గుట్ట మీద, మా టవర్‌కు యాభై గజాల దూరంలో, తన టవర్ లేపాడు. సతీష్‌బాబు రాంబాబు భార్య ఉషశ్రీకి సొంత తమ్ముడు.

ఈ రెండు కుటుంబాల పొలాలూ నందిగామ అవతల పక్కపక్కనే ఉన్నాయి. మధ్యన గట్టు. రాంబాబు తండ్రి రత్తయ్య గారి చిన్నతనంలో ఆ గట్టు మీద ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటూ పక్కపక్కన నడిచేవారట. ఏటా తొలకరికి ముందు వీళ్ళు ఇటునుంచి పారతో రెండంగుళాలు చెక్కుతారు, వాళ్ళు అటునుంచి రెండంగుళాలు. ఇద్దరూ దాన్ని గట్టు సాపు చేయడం అనే అంటారు. ఇప్పుడు దాని మీద ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టుకుంటూ నడవాలి. పోయిన వానాకాలంలో అది రెండు చోట్ల తెగి ఇద్దరి మిరప మొక్కలూ కొట్టుకుపోయాయి. ఇద్దరూ మళ్ళీ నాటుకున్నారు. ఈ ఏడు మళ్ళీ చెక్కారు.

గుట్ట మీదా అదే జరిగింది. నిరుడు రాంబాబు కూతురు యశస్విని ఓణీల ఫంక్షన్‌లో పెద్దమనుషులు బావనూ బావమరిదినీ కూర్చోబెట్టి, నన్ను పిలిచి కాగితం మీద గీత గీయమన్నారు. నేను గీశాను. కింది ఎనభై మెగాహెర్ట్జ్ మాది, పై ఎనభై వాళ్ళది, మధ్యలో ఇరవై ఎవరిదీ కాదు. రేడియో మాట కొంచెం పక్కకు చిందుతుంది, ఆ చిందు పడటానికే ఆ ఇరవై అని చెప్పాను. ఇద్దరూ సంతకాలు పెట్టారు. నెల తిరక్కుండా సతీష్‌బాబు అందులోకి పది జరిగాడు. రాంబాబు మిగతా పదికి జరిగాడు. మూడు నెలలకు ఒకరి ఎనభైలోకి ఒకరు పదిహేను దాకా వచ్చేశారు. బలం కూడా పెంచమని రాంబాబు నన్ను పీకాడు. పరిమితి దాటనని నేను మొండికేశాను. ఒకే చెవిలో ఇద్దరు అరుస్తుంటే ఎవరి మాటా తెలియదు. ఇళ్ళ మీది యాంటెన్నాల పరిస్థితి అదే. లైను ఆగి ఆగి వస్తుంది. తమ లైను ఆగుతోందని ఇద్దరిలో ఒక్కరికీ బాధ లేదు. అవతలివాడిదీ ఆగుతోందని తృప్తి.

ఇందులో నలిగిపోయింది కృపాజ్యోతి. క్వారీ కాలనీలో మా వెనక వీధి. ఆమె భర్త డేవిడ్‌రాజు కంకర క్రషర్‌లో సూపర్‌వైజరు. ఆమె ఇంట్లో కూర్చుని హైదరాబాదు కంపెనీకి మెడికల్ కోడింగ్ చేస్తుంది. ఆస్పత్రి కాగితాల్లోని జబ్బులకూ చికిత్సలకూ నంబర్లు వేసే పని. ఆమె కాంట్రాక్టు ఈ నెలాఖరుకు అయిపోతుంది. సర్టిఫికెట్ పరీక్ష పాసైతే పర్మనెంటు చేస్తారు, లేకపోతే పని పోతుంది. నాలుగు గంటల పరీక్ష, ఇంట్లోనే కెమెరా ముందు కూర్చుని రాయాలి, మధ్యలో లైను తెగితే రద్దు. మూడు వారాల కిందట అలాగే మూడో గంటలో తెగి రద్దయింది. రెండో అవకాశం ఈ ఆదివారం. మూడోది లేదు. విజయవాడ వెళ్ళి సెంటర్లో రాద్దామంటే ఆమెకు ఎనిమిదో నెల, బీపీ ఉంది, ప్రయాణం వద్దే వద్దన్నారు డాక్టరు. ఫోన్ సిగ్నల్ మీద రాద్దామంటే క్వారీ మట్టిదిబ్బ వెనక ఒక గీత కంటే రాదు.

వసుమతి చివరి మూడు నెలల్లో ఆస్పత్రి వాళ్ళు ఇచ్చిన ప్రతి కాగితాన్నీ కృపాజ్యోతి మా వరండాలో కూర్చుని నాకు తెలుగులో చదివి చెప్పింది. ఆఖరి కాగితాన్ని రెండుసార్లు చదివింది. తరవాత, “ఇంక ఊళ్ళు తిప్పకండి బాబాయి గారూ. పిన్నిగారికి ఇష్టమైనవి వండిపెట్టండి,” అంది. ఏ డాక్టరూ నాకు ఆ మాట చెప్పలేదు. ఆ మాట వల్ల మా ఇద్దరికీ ఇంట్లో నెమ్మదిగా పదిహేడు రోజులు దొరికాయి.

అందుకని రాంబాబు కాదన్నాక కూడా నేను కుర్చీలోంచి లేవలేదు.

“మన కస్టమరేనండీ ఆమె కూడా. పోయినసారి పరీక్ష పోవడానికి మనమే కారణం.”

“మనమా? మా బావమరిది! వెళ్ళి వాణ్ణి అడగండి తగ్గమని.”

“అడిగానండీ నిన్న.”

రాంబాబు కళ్ళు చిన్నవయ్యాయి. “నా దగ్గర పనిచేస్తా వాడి కాళ్ళ దగ్గరికి పోయారా? ఏమన్నాడు?”

“మీరు ముందు తగ్గితే ఆలోచిస్తానన్నారు.”

“చూశారా! చూశారా మరి! నేను తగ్గితే వాడు ఆలోచిస్తాడంట. ఆ ఆలోచన నేను మా నాన్న కాలం నుంచి చూస్తన్నా.” ఆయన స్కూటర్ తాళం తీసుకున్నాడు. “నాలుగొందల ఇళ్ళవాళ్ళు ఒక పక్క, ఆ అమ్మాయి ఒక పక్క. అందరికీ సగం కోసి ఆమెకి పెట్టమంటారా?”

“నలభైతో అందరికీ సరిపోతుందండీ. గోల తగ్గుతుంది కాబట్టి ఇంకా బాగుంటుంది కూడా.”

“తగ్గితే బాగుంటదా? మీరు పనిచేసిన శాఖ అందుకే అట్టా తగలడింది.”

కీసరలో పెళ్ళి ఉందని ఆయన పదకొండింటికి వెళ్ళిపోయాడు. రోడ్డు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చి కిటికీ కింద నిలబడి అరిచాడు. “పంతులు గారూ! దాని జోలికి పోయారో, మీకూ నాకూ చెల్లు!”

పన్నెండూ నలభైకి నేను దాని జోలికి పోయాను.

రేడియో పేజీ తెరిచి ఎనభైని నలభై చేశాను. మా ముక్కలో సతీష్‌బాబుకు దూరంగా ఉన్న కింది చివరకు జరిపాను. మధ్యలో మళ్ళీ గట్టు వచ్చింది, నిరుడు నేను గీసిన దానికంటే వెడల్పుగా. తరవాత పాస్‌వర్డు మార్చేశాను. యజమాని వస్తువు మీద యజమానికి అధికారం లేకుండా చేయడం దొంగతనమేనని నాకు తెలుసు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఒక మేకు కూడా ఇంటికి తెచ్చుకోలేదు.

తెర మీద కృపాజ్యోతి ఇంటి లైను తాలూకు గీత రంపం పళ్ళలా ఉండేది. అది రెండు నిమిషాల్లో చదునుగా పడుకుంది. ఒంటిగంటకు డేవిడ్‌రాజు నుంచి మెసేజ్ వచ్చింది. “కూర్చుందండి. ప్రార్థన చేస్కుంటున్నా.”

ఆదివారం కావడం వల్ల క్వారీలో పేలుళ్ళు లేవు. లారీలు తక్కువ. ఒంటిగంటన్నరకు ఉషశ్రీ పైనుంచి మజ్జిగ తెచ్చి, నా ముఖం చూసి, గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళింది. రెండింటికి ఎవరో రిటైర్డ్ డ్రైవరు ఫోన్ చేసి, “ఇయ్యాళ బొమ్మ ఆగట్లేదేందయ్యా, ఏం చేశారు?” అని ఫిర్యాదు చేసినంత గట్టిగా అడిగాడు. మూడున్నర దాకా అంతే. రెండున్నర గంటలు దొరికినందుకే నాకు ఆశ్చర్యంగా ఉంది.

మూడూ నలభైకి మెట్ల మీద అడుగుల చప్పుడుకు ముందే రాంబాబు గొంతు వచ్చింది.

“విస్తట్లో చెయ్యి పెట్టానో లేదో ఫోను! ‘సగం ఖాళీ చేసి పోయావంట బావా’ అని నలుగురిలో నవ్వుతాడు వాడు! పెళ్ళివారి ముందు!” ఆయన చొక్కా మీద పసుపు బియ్యం ఇంకా అక్కడక్కడా అతుక్కుని ఉన్నాయి. నా కుర్చీని కాలితో జరిపి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పాస్‌వర్డు కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. తల తిప్పి నన్ను చూశాడు.

“మార్చారా?”

“మార్చానండీ. అయిదింటికి చెప్తాను.”

“ఇప్పుడు చెప్పండి.”

“అయిదింటికి.”

ఆయన లేచి నిలబడ్డాడు. నేను కూర్చునే ఉన్నాను. 

“మూడేళ్ళు నా ఉప్పు తిన్నావు పంతులూ.” గౌరవం అక్కడితో పోయింది. “పెళ్ళాం పోయి ఇంట్లో ఏడుస్తుంటే పిలిచి కుర్చీ ఇచ్చా. ఇప్పుడు ఊళ్ళో కడుపుతో ఉన్న ఆడోళ్ళందరి పరీక్షలూ నీకు కావాల్సొచ్చినయ్యి.”

 గోడ గడియారం కేసి చూస్తూ కూర్చున్నాను.

రాంబాబు బెన్నికి ఫోన్ చేశాడు. బెన్ని మా లైన్‌మన్, నలభై దాటినవాడు, టవర్లు ఎక్కేది ఆయనే. “బెన్నీ, గుట్ట మీదకు పో. రేడియో కింద రీసెట్ బొత్తాం ఉంటదే, అది నొక్కెయ్.”

“అయ్యా, చర్చిలో కూటం నడస్తందండి. పాటలు పాడేది నేనే.”

“పాటలు గుట్ట మీద పాడుకో!”

“అయిదింటికల్లా ఎక్కుతానండి.”

రీసెట్ నొక్కితే రేడియో మొత్తం చెరిగిపోతుంది. మళ్ళీ అన్నీ అమర్చడానికి అరగంట పైనే పడుతుంది. ఆ అరగంట నాలుగు వందల పన్నెండు ఇళ్ళకూ లైను ఉండదు. అది రాంబాబుకు చెప్పాను. “ఉండకపోతే మానె, కానీ మా బావమరిది ముందు సగంలో కూర్చోను,” అన్నాడు. అయిదింటికి బెన్ని ఎక్కేలోపు నేనే పాస్‌వర్డు చెప్తానని మాటిచ్చాను. అప్పటికి పరీక్ష కూడా అయిపోతుంది. ఆయన ఒప్పుకున్నాడని కాదు, బెన్ని ఎలాగూ అంతకుముందు దొరకడు.

ఆ గంటంబావు ఆయన ఊరుకోలేదు. మా ఇంటి కనెక్షను రేపటి నుంచి ఉండదన్నాడు. రేపటి నుంచి ఈ మెట్లు ఎక్కితే కుక్కని వదుల్తానన్నాడు. వాళ్ళకు కుక్క లేదు. నేను తెర మీది గీతను చూస్తూ కూర్చున్నాను. అది అలాగే చదునుగా ఉంది.

సరిగ్గా అయిదింటికి డేవిడ్‌రాజు మెసేజ్ వచ్చింది. “ఇంకా అవలేదండి బాబాయి గారూ. మొదట్లో ఐడీ కార్డు చూడ్డానికి ఇరవై అయిదు నిమిషాలు తిన్నారంట. అయిదూ ఇరవై అయిదు దాకా.”

“రాంబాబు గారూ,” అన్నాను. “ఇంకో ఇరవై అయిదు నిమిషాలు కావాలండీ. వాళ్ళే ఆలస్యంగా మొదలుపెట్టారట.”

“ఇదిగో, చూశావా? అయిదన్నావు. ఇప్పుడు అయిదున్నర. రెండంగుళాలు, రెండంగుళాలు. నువ్వు కూడా గట్టు చెక్కేవాడివే!”

ఆయన ఫోన్ మోగింది. బెన్ని గుట్ట మీద ఉన్నాడు. గాలి చప్పుడులో అతని మాట గదంతా వినిపించింది. “అయ్యా, బొత్తాం మీద వేలు పెట్టా. నొక్కమంటారా?”

రాంబాబు నా వైపు చూశాడు.

బెన్ని నొక్కితే ఆమె పరీక్ష అక్కడితో ముగిసినట్టే. రాంబాబు ఎనభైకి మారిస్తే లైను ఒక నిమిషం ఆగి, గోలలో తడబడుతూ వస్తుంది. పూర్తిగా తెగకపోవచ్చు. తెగవచ్చు. పాస్‌వర్డు చెప్పేశాను. రాంబాబు అది కొట్టాడు. పేజీ తెరుచుకుంది. “వద్దులే బెన్నీ, అక్కడే ఉండు,” అని ఫోన్ బల్ల మీద పెట్టి, మౌసు పట్టుకుని, నలభై ఉన్న చోట ఎనభై ఎంచుకున్నాడు. కింద నీలం బొత్తాం ఒక్కటి నొక్కాలి.

ఫోన్ మళ్ళీ మోగింది. నందిగామ బావమరిది. రాంబాబు స్పీకరు నొక్కాడు.

“ఏం బావా, పెళ్ళిలో పెరుగన్నం దాకా కూడా కూర్చోలేకపోయావంట?”

“నీ ఏడుపు చూడ్డానికే వచ్చాన్రా. ఇంకో నిమిషంలో ఎనభైకి ఎక్కుతున్నా, చూస్కో.”

“ఎక్కు, ఎక్కు. వదిలేసి పారిపోయినోడికి మళ్ళీ ఎవడిస్తాడు? ఆ ఖాళీలోకి నేను వచ్చేస్తన్నా. ఇదిగో, లాప్‌టాప్ ముందే ఉన్నా.”

“పారిపోయానా? నేనా? అది మా పంతులు చేసిన పనిరా!”

“పంతులు మీదకి తోసెయ్. మీ నాన్నా అంతే, గట్టు చెక్కింది పాలేరనేవాడు.”

“మా నాన్న పేరెత్తావంటే...”

“ఎత్తుతా. రత్తయ్య మావ రెండంగుళాలని చెప్పి జానెడు లాగలేదా?”

“మీ నాన్నేమన్నా తక్కువా? వెంకటరత్నం మావ పార ఎక్కడ పెట్టినా మా పొలంలోనే తెగేది! నా పెళ్ళిలో మావాళ్ళని ఆఖరి పంక్తిలో కూర్చోబెట్టినోడు!”

“ఆఖరి పంక్తిలో కూర్చుని మూడుసార్లు పూర్ణాలు అడిగి వేయించుకున్నారుగా.”

రాంబాబు మౌసు వదిలేసి రెండు చేతులతో ఫోన్ పట్టుకున్నాడు. లేచి నిలబడ్డాడు. కిటికీ దాకా నడిచాడు, వెనక్కి వచ్చాడు. అవతల సతీష్‌బాబు కూడా తిరుగుతున్నట్టున్నాడు, గొంతు దగ్గరికీ దూరానికీ పోతోంది. నందిగామలో ఒక లాప్‌టాప్, జగ్గయ్యపేటలో ఒక కంప్యూటరు, రెండూ ఒక్క నొక్కు దూరంలో ఆగి ఉన్నాయి. నొక్కే చేతులకు తీరిక లేదు. 

వాళ్ళ మాటలు యశస్విని ఓణీల ఫంక్షన్ దాకా వచ్చాయి. అక్కడ నేను గీసిన గీత ముందు ఎవరు దాటారన్న దానికి వచ్చాయి. ఎవరు ముందు పది జరిగారు, ఎవరు తరవాత పది జరిగారు. అక్కడ ఇద్దరికీ గొంతు తగ్గింది. అయిదూ పద్నాలుగు.

“సర్లే బావా, నీతో వాగటానికి నాకు టైం లేదు,” అన్నాడు సతీష్‌బాబు. “నువ్వు ఎక్కు, నేనూ ఎక్కుతా. ఎవడు నిలబడతాడో చూద్దాం.”

“ఆ, చూద్దాం,” అని రాంబాబు కుర్చీ లాక్కున్నాడు.

పదకొండు నిమిషాలు మిగిలాయి.

పోయిన వేసవిలో ఆ పొలానికి సర్వేయరు వచ్చి గొలుసు పట్టి కొలిచి వెళ్ళాడని నాకు తెలుసు. పిలిచింది ఎవరో ఇద్దరిలో ఎవరూ ఒప్పుకోరనీ తెలుసు. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. నేను ఎప్పుడూ ఇద్దరు మనుషుల మధ్య ఒక మాట మోసినవాణ్ణి కాదు.

“ఒక్క సందేహం అండీ,” అన్నాను, ఫోన్‌కు వినపడేటట్టు. “ఆ గట్టుకి సర్వేయర్ని పిలిపించింది ఇంతకీ ఎవరు?”

రాంబాబు చేయి మౌసు మీద ఆగింది.

“అదడుగు పంతులూ!” అంది ఫోను. “అది అడుగు మీ దొరని!”

“నేనా? నేనా పిలిచింది?” రాంబాబు మళ్ళీ లేచాడు. “నువ్వు కాదంట్రా పిలిచింది?”

“కొలిచే రోజు ఆయనకి కొబ్బరిబొండాం కొట్టిచ్చింది ఎవరు బావా?”

“ఎండన పడి వచ్చిన మనిషికి బొండాం ఇస్తే తప్పా?”

“హద్దు రాయి రెండడుగులు జరిగేంత తియ్యగా ఉందంట ఆ బొండాం!”

ఇక ఆగలేదు. ఇప్పటిదాకా ఎగతాళి ఉంది, ఇప్పుడు అది పోయింది. రాంబాబు మెడ నరాలు ఉబ్బాయి. సతీష్‌బాబు మాటలు రాయడానికి వీల్లేనివి. నేను తెర మీది గీతనూ గడియారాన్నీ మార్చి మార్చి చూశాను. అయిదూ ఇరవై. అయిదూ ఇరవై మూడు. నేను ముట్టించింది నా ముందే మండుతోంది, అది ఆరిపోకూడదని నేనే కోరుకుంటున్నాను.

“విను!” అని అరిచాడు రాంబాబు. “గురువారం నీ గృహప్రవేశానికి మీ అక్క రాదు! నీ కొత్తింటి గడప తొక్కదు!”

“రాకపోతే మానె! పాలు పొంగించడానికి నాకు ఇంకో ఆడపడుచు దొరకదా? అద్దెకైనా తెచ్చుకుంటా!”

గుమ్మంలో ఉషశ్రీ నిలబడి ఉంది. చేతిలో కాఫీ ట్రే. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు. తమ్ముడి చివరి మాట మాత్రం పూర్తిగా వింది. ఆ తమ్ముడికి తోబుట్టువు ఆమె ఒక్కతే.

నా ఫోన్ వణికింది. డేవిడ్‌రాజు. “అయిపోయింది బాబాయి గారూ. సబ్మిట్ చేసేసింది. ఒక్కసారి కూడా ఆగలేదు.” అయిదూ ఇరవై ఏడు.

రెండు నిమిషాలకు సతీష్‌బాబు ఫోన్ పెట్టేశాడు. రాంబాబు ఆయాసపడుతూ కూర్చుని నీలం బొత్తాం నొక్కాడు. నిమిషం ఆగి గీత మళ్ళీ రంపం పళ్ళలా లేచింది. నందిగామలోనూ నొక్కినట్టున్నారు, పళ్ళు ఇంకా పెద్దవయ్యాయి. కస్టమర్ల ఫోన్లు మొదలయ్యాయి.

“ఎక్కా,” అన్నాడు రాంబాబు. “చూశావుగా. ఇంక పో.”

ఆయన ఫోన్ మోగింది, స్పీకరు నొక్కాడు. గుట్ట మీద నుంచి బెన్ని. “అయ్యా, నేను దిగొచ్చా?” అని అడుగుతున్నాడు. నేను మెట్ల వైపు నడిచాను.

మెట్ల మీద ఉషశ్రీ నాకు అడ్డంగా నిలబడింది.

“సర్వేయరు సంగతి ఎత్తింది మీరే కదా?”

“నేనేనమ్మా. ఇంకో పది నిమిషాలు కావాల్సొచ్చింది. కృపాజ్యోతి పరీక్ష...”

“నాకు తెలుసు. మొన్న నాక్కూడా ఫోన్ చేసింది, ఆయనతో చెప్పమని. నేను చెప్తే ఇంకా మొండికేస్తారని చెప్పలేదు.” ఆమె గొంతు పెంచలేదు. “వాళ్ళిద్దరూ కొట్టుకునేది నాకు కొత్త కాదండీ. పొద్దున తిట్టుకుంటారు, మర్నాటికి నేను ఎవరో ఒకర్ని సముదాయిస్తా. మూడు నెలల నుంచి ఒక్కోమాట సర్ది సర్ది ఈ గురువారం దాకా తెచ్చా. వాళ్ళకి బుద్ధి లేదు, సరే. మీరు చదువుకున్నోళ్ళు. ఏ మాటకి ఏమవుద్దో మీకు తెలుసు. తెలిసే అన్నారు.”

“తెలిసే అన్నానమ్మా.”

“ఆ పిల్ల పాసవ్వాలి. అవ్వకపోతే మీ మొహం నాకు చూపించొద్దు.”

ట్రేలో రెండు కప్పులున్నాయి. ఒకటి నాకోసం తెచ్చిందే. రెండూ తీసుకుని పైకి వెళ్ళిపోయింది.

మర్నాడు మా ఇంటి లైను తీసేశారు. తీయడానికి బెన్ని వచ్చాడు. యాంటెన్నా విప్పాక డాబా మీద మేకుల రంధ్రాలు వాన నీరు దిగకుండా సిమెంటు మెత్తి, చెప్పకుండా వెళ్ళాడు. గురువారం గృహప్రవేశం ఏమైందని నేను ఎవరినీ అడగలేదు.

పన్నెండు రోజులకు ఫలితం వచ్చింది. బీపీ తగ్గి డాక్టరు సరేనన్నాక కాన్పుకు చెవిటికల్లులో పుట్టింటికి చేరిన కృపాజ్యోతి అక్కడి నుంచే ఫోన్ చేసింది. “బాబాయి గారూ, వచ్చింది! పర్మనెంటు లెటరు కూడా పంపారు!” ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. నేను సంతోషంగానే మాట్లాడాను. సంతోషం నిజమే.

ఫోన్ పెట్టాక ఉషశ్రీకి మెసేజ్ పెట్టాను. “ఆ అమ్మాయి పాసయిందమ్మా.”

చదివినట్టు నీలం టిక్కులు వెంటనే పడ్డాయి. జవాబు సాయంత్రానికి వచ్చింది.

“మంచిదండి. ఆ గురువారం నేను వెళ్ళలేదు.”